బ్రేక్‌వ్యాన్ నుంచి ఒక విన్నపం



ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ జిల్లా తఖత్‌పూర్ వాస్తవ్యుణ్ణి. గూడ్సుబండి చివరనుండే బ్రేక్‌వ్యాన్‌లో గార్డుగా చేసి రిటైరయ్యాను. నేను దిగిపోయాక, 2022 జనవరిలో, గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు. హోదా వచ్చే వేళకి మనిషి లేకపోవడం మా వంశాచారం గనక దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా మా హాల్లో పడుకున్న పడవ మీద.

మా తాత విజయనగరం వైపు నుంచి ఇటొచ్చాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి రాయపూర్-విజయనగరం లైను 1931లో పూర్తయ్యాక మావాళ్ళకి ఈ దేశం పొరుగూరైపోయింది. అప్పట్నుంచీ మూడు తరాలు పట్టాల మీదే బతికాం. నీళ్ళతో మాకున్న సంబంధం ఇంజను తాగే నీళ్ళూ, కూజాలో నీళ్ళూ, అంతవరకే. అలాంటి ఇంట్లోకి మా చిన్నవాడు కయాక్ తెచ్చిపెట్టాడు. పదడుగుల పొడవు, ముదురు నీలం ప్లాస్టిక్కు. హాల్లో నిలువునా పట్టలేదు, అడ్డంగానూ పట్టలేదు. చివరికి ఐమూలగా సర్దుకుంది. వంటింట్లోకి పోవాలంటే దాన్ని దాటాలి, దేవుడి గదిలోకి పోవాలంటే చుట్టు తిరగాలి. మా అమ్మ రోజుకి రెండు పూటలా దానికి సగం ప్రదక్షిణ చేస్తోంది. ఆ పుణ్యం ఏ దేవుడి ఖాతాలో జమ అవుతోందో తెలీదు.

"ఏట్రా ఇది?" అంది వచ్చిన రోజున.

"పడవ, నాయనమ్మా."

"ఏరు ఊరి పక్కనుంటే పడవ ఇంట్లో ఏటి?"

ఈ ప్రశ్నకి ఇంతవరకూ జవాబు లేదు. వేసవిలో దాన్ని డాబా మీదికి ఎక్కించి బోర్లా పెడితే, అమ్మ దాని మీద పాత పంచె పరిచి బూడిద గుమ్మడి వడియాలు పెట్టింది. ముదురు రంగు ప్లాస్టిక్కు పెనంలా కాలడంతో మామూలుకన్నా ముందే ఎండాయి. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ చూసి, తమ రఖియా బడీ పెట్టుకోవడానికి ఓ రెండు రోజులు పడవ ఇస్తారా అని అడిగింది. ఆ కయాక్ వల్ల ఊరికి జరిగిన మేలు ఇప్పటికి ఇదొక్కటే.

అసలు సంగతికొస్తాను. మా ఊరి కుర్రాళ్ళు కలిసి ఒక పందెం పెట్టారు. ముందు పరుగు, తర్వాత మౌంటెన్ బైకు, ఆఖర్న మనియారి నదిలో కయాక్. మూడూ ఒకే పూటలో ఒకే మనిషి చెయ్యాలి. విడివిడిగా ఒక్కోదాని మీదా నాకు పెద్ద పేచీ లేదు. పరిగెత్తనివ్వండి, కదిలే బండి వెంట నేనూ పరిగెత్తినవాణ్ణే. సైకిలంటారా, మాది వరిమడుల మైదానం. కొండ కావాలంటే లోర్మీ దాటి అచానక్‌మార్ అడవి వైపు పోవాలి. ఇక్కడ మౌంటెన్ బైకుకి ఎక్కడానికి దొరికేది పొలం గట్టు, దిగడానికి దొరికేది రోడ్డు మీది గుంట.

ఆ సైకిలు పుట్టుక కూడా నాకు నచ్చలేదు. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్ళు పాత బరువు సైకిళ్ళేసుకుని కొండ మీంచి మట్టిదారిన దిగడానికి 1976లో పందేలు మొదలెట్టారు. ఒక్కసారి కిందికి వచ్చేసరికి వెనక చక్రం హబ్బులో బ్రేకు కాగిపోయి, లోపలి గ్రీజంతా పొగైపోయేది. మళ్ళీ విప్పి గ్రీజు కూరితే గాని సైకిలు పనికొచ్చేది కాదు. అందుకే ఆ పందానికి రీప్యాక్ అని పేరు పెట్టుకున్నారు. బ్రేకు కాల్చుకోవడాన్ని ఆటగా చేసుకున్నవాళ్ళని మెచ్చుకునే నోరు గార్డుకి ఎక్కడిది?

ఇక నది. మనియారిని లోర్మీ వైపు ఖుడియా దగ్గర ఆపి, 1930లోనే ఆనకట్ట కట్టారు. ఆ నీళ్ళు కాలవల్లో పడి వరికి పోతాయి. పడవల సంగతి అప్పుడెవరూ అనుకోలేదు. మే నెలలో మా దగ్గర ఏరు దాటడానికి చెప్పులు విప్పక్కర్లేదు. శ్రావణంలో చూస్తే ఎర్రనీళ్ళు ఒడ్డు కోసుకుంటూ పోతుంటాయి, కయాక్ వదిలితే శివనాథ్ మీదుగా మహానదిలో పడి హీరాకుడ్ జలాశయంలో తేలుతుంది. నీళ్ళున్నప్పుడు దారి బురద, దారి ఆరేసరికి ఏరూ ఆరుతుంది. రెండూ కాస్త ఒద్దికగా ఉండేది వానలు వెనకపట్టి వరి పొట్ట మీదుండే ఆ కాసిని రోజులే. సరిగ్గా అప్పుడే మా ఇంటికి దీపావళి సున్నాలు వెయ్యాలి. పడవ జరిపితే గోడకి సున్నం, గోడ వదిలితే పడవకి నీళ్ళు. మా ఆవిడ "ఏవండీ, ఏదో ఒకటి తేల్చండి" అంటే, నిచ్చెన మీద నేనూ నేల మీద పడవా ఒకరినొకరు చూసుకున్నాం.

ఇదెక్కడి పిచ్చిరా అని మావాణ్ణి అడిగితే న్యూజిలాండ్ కథ చెప్పాడు. 1983లో రాబిన్ జడ్కిన్స్ అనే ఆయన అక్కడి దక్షిణ ద్వీపాన్ని పడమటి సముద్రం నుంచి తూర్పు సముద్రం దాకా అడ్డంగా దాటే పందెం పెట్టాడట. పేరు కోస్ట్ టు కోస్ట్. మొత్తం 243 కిలోమీటర్లు. మధ్యలో గోట్ పాస్ అనే కనుమ మీదుగా పరుగు, వైమాకరిరి నదిలో 70 కిలోమీటర్లు కయాక్, మిగతాది దాదాపంతా సైకిలు. మొదట్లో రెండు రోజులు పట్టేది. అది చాలదన్నట్టు 1987లో ఒక్కరోజులో ముగించే పోటీ కూడా చేర్చారు. స్టీవ్ గర్నీ అనే మొనగాడు తొమ్మిదిసార్లు గెలిచాడట.

వీడియో చూపించాడు. నేను మొనగాణ్ణి చూడలేదు. మనిషి కొండల్లో పరిగెత్తుతుంటే కయాక్ తనంతట తాను నది ఒడ్డుకి ఎలా వచ్చిందా అని చూశాను. వచ్చేది కాదు, తెచ్చేవాళ్ళున్నారు. సపోర్ట్ క్రూ అంటారట. ముందుగా బండేసుకుని పోయి సైకిలు నిలబెట్టి, బట్టలు పరిచి, తిండి చేతికిచ్చి, విడిచిన బూట్లు ఏరుకుని, మళ్ళీ తర్వాతి మజిలీకి పరిగెత్తేవాళ్ళు. తొమ్మిదిసార్లు గెలిచిన మనిషి పేరు లోకానికి తెలుసు. ఆ బూట్లు ఏరినవాళ్ళ పేర్లు ఎవరైనా చెప్పగలరా? నాకిది కొత్త కాదు. గూడ్సుబండి వెళ్తుంటే పిల్లలు ఇంజను డ్రైవరుకి చేతులూపుతారు. యాభై పైచిలుకు వ్యాగన్లు పోయాక చివర్న వచ్చే గార్డుని చూసి గేటు తెరుస్తారు, అంతే.

పందెం రోజు ఏం జరిగిందో సాక్ష్యం చెప్తాను. ఒకప్పుడు ఎర్రజెండా, పచ్చజెండా, డిటొనేటర్లు మోసిన నా లైన్ బాక్సులో అరటిపళ్ళు, గ్లూకోజు, పొడి సాక్సులు, పిండితే చప్పరించే ఏదో జిగురు పొట్లాలు పెట్టారు. ఏటి గట్టున కూర్చున్నాం. మా అమ్మ తరవాణి చెంబు తెచ్చింది. ఇక్కడివాళ్ళు బోరే బాసీ అనే చద్దన్నం తిని ఎండలో పొలం దున్నుతారు, మనవాడికి ఈ జిగురేమిటని ఆవిడ బాధ. సైకిలు దిగి మావాడొచ్చాడు. కళ్ళు తప్ప అంతా బురదే. కాలు నా ఒళ్ళో పెట్టి "లేసు, నాన్నా, లేసు!" అన్నాడు. తడిసిన లేసు ముడి గోటికి లొంగదు. పళ్ళతో లాగాను. "టైమ్ పోతోంది నాన్నా!" అని అరిచాడు. రైల్వేలో ఇన్నేళ్ళు చేసి, బండి నా వల్ల లేటయిందన్న మాట ఇంటివాడి నోట పడ్డాను. పడవని తలవైపు పక్కింటాయన, తోకవైపు నేను పట్టుకుని జారుడు గట్టు దింపాం. మావాడు ఎక్కాడు, నాలుగు తెడ్లు వేశాడు, బోర్లాపడ్డాడు. లేచి నిలబడితే నీళ్ళు నడుం దాకా వచ్చాయి.

ఈలోగా చేపలు పట్టే ఇంటి కుర్రాడొకడు వాళ్ళ నాన్న డోంగాలో నిలబడి, వెదురు గడ వేసుకుంటూ అందర్నీ దాటిపోయాడు. అంత నేర్పు ఎక్కడిదయ్యా అని అడిగితే, "రోజూ వల తెచ్చుకోవాలి కదా అంకుల్‌జీ" అన్నాడు. గట్టున అతని తరఫువాళ్ళు ఎవరూ లేరు, పనుల్లో ఉన్నారు. ఆ పందెంలో ఏదైనా ఒంటరిగా చేసినవాడంటూ ఉంటే వాడొక్కడే. మిగతా అందరికీ "వ్యక్తిగత విభాగం" అని రాసిన సర్టిఫికెట్లు ఇచ్చారు.

ఆటలంటే నాకు గిట్టదని అనుకోకండి. 2022 అక్టోబరులో మా రాష్ట్రంలో ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్ మొదలైనప్పుడు పద్నాలుగు ఆటలు పెట్టారు. గిల్లీ దండా, పిట్టుల్, ఫుగ్డీ, గేడీ పందెం, అన్నీ ఊరి ఆటలే. పద్దెనిమిది లోపు, నలభై లోపు, నలభై పైన అని మూడు వయసులవాళ్ళకీ చోటిచ్చారు. గేడీ అంటే రెండు వెదుళ్ళు, వాటికి కాలు పెట్టుకునే మెట్లు. ఆట అయ్యాక తలుపు మూల నిలబడుతుంది. ఎవరినీ లేసు విప్పమనదు.

మళ్ళీ పేరు లేకుండా మోసినవాళ్ళ సంగతికొస్తే, మా మనియారి దిగువకి పోయి తాలా దగ్గర శివనాథ్‌లో కలుస్తుంది. అక్కడ 1987-88 తవ్వకాల్లో ఒక విగ్రహం బయటపడింది. రుద్రశివుడంటారు. ముక్కు బల్లి, మీసాలు చేపలు, చెవులు నెమళ్ళు, గడ్డం ఎండ్రకాయ. గోడల మీద పాకేదీ, నీళ్ళలో ఈదేదీ, పక్కకి నడిచేదీ ఒకే ఒంట్లో కుదురుకున్నాయి. ఎత్తు తొమ్మిదడుగులు, అంటే మా కయాక్ కంటే ఓ అడుగు తక్కువ. ఆయన్ని నిలబెట్టడానికి ఎంతమంది ఎత్తారో, ఎన్ని బళ్ళు కట్టారో ఏ రాతి మీదా రాయలేదు. పందేల రివాజు ఆ కాలంలోనే మొదలైందని నా అనుమానం.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. ఒకటి, సర్టిఫికెట్ మీద "వ్యక్తిగత" కొట్టేసి "ఇంటిల్లిపాది" అని రాయాలి. రెండు, ఏట్లో నీళ్ళు లేని నెలల్లో కయాక్ పందెం పెద్దల ఇళ్ళలో వంతులవారీగా పడుకోవాలి. వడియాలు పెట్టుకునే హక్కు మాత్రం మా అమ్మకి ఉండాలి. మూడు, నలభై పైబడినవాళ్ళకి నాలుగో ఆట ఒకటి చేర్చాలి. అందులో తడిసిన లేసు విప్పడం, బూట్లు ఏరడం, పడవ మొయ్యడం అంశాలుగా ఉండాలి. నియమాలు నేనే రాసి కమిటీకి ఇచ్చాను. పడవని తలవైపు మోసినవాడికి ఒక మార్కు, తోకవైపు మోసినవాడికి రెండు. తోకవైపు నేనే మోస్తాను.