జాక్సన్ హైట్స్‌లో కాపురం: తలకిందుల సలహాలు

న్యూయార్క్‌లో ఉద్యోగం వచ్చిందనగానే మనవాళ్లు న్యూజెర్సీలోని ఎడిసన్‌కు దారి చూపిస్తారు. అక్కడ అంతా మనవాళ్లేనంటారు. వినకండి. క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌కు రండి. మన్‌హటన్ అంత అద్దె ఉండదు, అలాగని చవకా కాదు. నెల జీతగాడు ఒళ్లు దగ్గర పెట్టుకుంటే నెగ్గుకు రాగల పేట. వచ్చాక ఈ అయిదూ పాటించండి. బుద్ధిమంతులెవరూ మీకు ఇలా చెప్పరు.

1. రైలు పక్కనే ఇల్లు తీసుకోండి. ఏడాది జీతం నెల అద్దెకు 40 రెట్లు ఉండాలని ఇళ్లవాళ్లు అడుగుతారు, కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి. రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద ఇనుప వంతెనపై 1917 నుంచి రైలు నడుస్తోంది. అది వెళ్తుంటే ఫోన్‌లో మాట వినపడదు. ఆగి మాట్లాడండి. మెట్లు దిగితే అర్ధరాత్రయినా టాకో బండి ఉంటుంది.

2. ఆఫీసుకు నెమ్మది రైలెక్కండి. 74వ వీధి స్టేషన్‌లో ఇ, ఎఫ్ ఎక్స్‌ప్రెస్‌లు నేల కింద దూసుకుపోతాయి. మీరు పైకెక్కి 7వ నంబరు పట్టుకోండి. ఆలస్యమైతే అవనీయండి. మీరు బతికే ఊరు ఆ కిటికీలోంచే కనిపిస్తుంది.

3. ఫోన్‌లో మ్యాపు తీయకండి. దారి చిరునామాలోనే ఉంది. 74వ వీధిలో ఇంటి నంబరు 37తో మొదలైతే, ఆ ఇల్లు 37వ అవెన్యూ దాటగానే ఉన్నట్టు. అయితే అక్కడే 37వ రోడ్డూ ఉంది. తికమకపడితే మోమోలు అమ్మే టిబెట్ ఆవిడను అడగండి. పరిచయాలు అలాగే మొదలవుతాయి.

4. ఇంటి నుంచి పచ్చళ్లు మోసుకురాకండి. బియ్యం, కందిపప్పు పటేల్ బ్రదర్స్‌లో కొనండి. పచ్చడికి మాత్రం మెక్సికన్ కొట్లో టొమాటిల్లోలు, సెరానో మిరపకాయలు తెచ్చుకోండి. టొమాటిల్లోల మీది కాగితంలాంటి పొర ఒలిచి, కాయ మీది జిగురు పోయేలా కడగండి. రెండూ నూనెలో మగ్గనిచ్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా రుబ్బి, ఇంగువ పోపు పెట్టండి. పులుపు కాయలోనే ఉంది, చింతపండు వద్దు. ఒక గిన్నెడు పక్కింటి కొలంబియా ఆవిడకు ఇవ్వండి.

5. ఆదివారం తెలుగువాళ్లను వెతుక్కుంటూ పోకండి. దేవుడు గుర్తొస్తే ఫ్లషింగ్‌లో 1977 నాటి గణపతి గుడి ఉంది. దర్శనం చేసుకుని, కింద క్యాంటీన్‌లో దోసె తిని తిరిగొచ్చేయండి. 2020 నుంచి జాక్సన్ హైట్స్‌లో 34వ అవెన్యూను పగటిపూట కార్లకు మూసి మనుషులకు వదిలారు. పిల్లల్ని అక్కడ ఆడుకోనివ్వండి. ఇంగ్లిష్ కన్నా ముందు స్పానిష్ వచ్చేస్తుంది. రానివ్వండి.

పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చేసరికి ఎడిసన్‌లో ఇల్లు కొనుక్కోమని మళ్లీ ఫోన్లు వస్తాయి. అప్పుడూ వినకండి. మనవాళ్ల మధ్యే బతకడానికి ఇంత దూరం రానక్కర్లేదు.