రేవు దాటని నాయిక

గోదావరి జిల్లాల్లో ఏ ఊరెళ్ళినా ఒక నవలాకారుడు గారు కనిపిస్తారు. నవల మాత్రం కనిపించదు. అడిగితే "రాస్తున్నానండీ" అంటారు. అబద్ధం కాదు, మొదటి పేజీ నిజంగానే రాశారు.

ఆ పేజీలో నాయిక కొవ్వూరు నుంచి రాజమండ్రి చేరాలి. కథాకాలం 1899. హాయిగా రైలెక్కించేశారు. ఎక్కించాక అనుమానమొచ్చి పుస్తకాలు తిరగేస్తే, హేవలాక్ వంతెన తెరిచింది 1900లోనని తేలింది. పాపం, పిల్లని దింపేశారు. ఇక పడవే గతి. పడవంటే మాటలా? గెడ వేస్తారా, తెరచాప ఎత్తుతారా? గాలి ఎదురైతే ఏం చేస్తారు? నాయికని రేవులో నిలబెట్టి ఆయన సరంగుల్ని వెతుక్కుంటూ పోయారు. దారిలో ధవళేశ్వరం తగిలింది. కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయిందట, మరి అంత రాయి ఎక్కణ్ణుంచి వచ్చింది? అదో ఏడాది. "ఆ పిల్లకి గొడుగైనా ఇచ్చారా?" అని ఇల్లాలు అడుగుతూనే ఉంటుంది.

పెళ్ళికి పిలిస్తే అందరూ అక్షింతలు పట్టుకుని మండపంలో ఉంటారు. ఈయన పెరట్లో గాడిపొయ్యి దగ్గర ఉంటారు.

"ఇంత అన్నం ముద్దవకుండా పులిహోర ఎలా కలుపుతావయ్యా?"

"చాపమీద పరిచి ఆరబెట్టి, ముందు నూనె పట్టిస్తామండి. బాబుగారు క్యాటరింగ్ పెడుతున్నారా?"

"కాదోయ్, నవల రాస్తున్నా."

"దానికి గాడిపొయ్యి దేనికండీ?"

జవాబు ఆయన దగ్గరా లేదు. కానీ వంటాయన ఆ పూట ముహూర్తం దాటినా మాట ఆపలేదు. పాతికేళ్ళుగా అందరూ ఉప్పు తగ్గిందన్నవాళ్ళే తప్ప, ఎలా చేస్తావని అడిగిన నాథుడు లేడు మరి.

చదవడమూ అంతే. మిరపకాయ బజ్జీల పొట్లం విప్పి ముందు కాగితం చదువుతారు. ఓసారి దొంగతనం వార్త సరిగ్గా దొంగ దొరికే చోట చిరిగిపోయింది. మిగతా ముక్క ఏదని కొట్టువాణ్ణి నిలదీస్తే, ఇప్పుడే పకోడీ కట్టిచ్చానన్నాడు. ఆ పకోడీ మనిషి వెంట నాలుగు వీధులు నడిచారు. దొంగ దొరికాడు. బజ్జీలు చల్లారిపోయాయి.

మరీ ఒత్తిడి చేస్తే విశ్వనాథవారిని అడ్డం పెట్టుకుంటారు. "వేయిపడగలు 29 రోజుల్లో చెప్పి తమ్ముడిచేత రాయించారంటారు కదండీ. రాయడం నెల పనే. తెలుసుకోవడమే ఆలస్యం." నిజానికి ఆయనకు కావలసింది ఎదుటివాడి పనిలోకి తొంగిచూడ్డం. ఊరికే అడిగితే జనం పిచ్చాడంటారు. నవల కోసమంటే కుర్చీ వేస్తారు. ఇంత చక్కటి వంకని పూర్తి చేసి పారేసుకోమంటే ఎలా?

ఈ గుట్టు తెలియని మిత్రుడొకాయన మొన్న తేలిక ఉపాయం చెప్పాడు. "కథని రెండేళ్ళు ముందుకి జరిపి 1901 చేసెయ్యండి. వంతెన వచ్చేసింది, రైల్లోనే దిగుతుంది."

నవలాకారుడు గారి మొహం వెలిగిపోయింది. మర్నాడు తెల్లారకుండానే మిత్రుడి తలుపు కొట్టారు.

"రాత్రంతా నిద్ర లేదండీ. రైలు బాగానే ఉంది. అయితే అప్పట్లో మూడో తరగతిలో ఆడవాళ్ళకి విడిగా పెట్టె ఉండేదంటారా?"