తెల్లగోడ పద్యానికి బేస్తవారిపేట వ్యాఖ్య

అవతారిక

కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు. ఫొటో స్టూడియో గోడల మీది నిబంధనలకు మాత్రం ఇంతవరకు వ్యాఖ్యాత ఎవరూ దొరకలేదు. ఆ భారం నా మీద పడడానికి కారణం మా మేనత్త. అమెరికాలో ఉన్న కొడుకింటికి పోయి రావాలని ఆమె సంకల్పం. వీసా దరఖాస్తుకు పెట్టిన మొదటి ఫొటో చెల్లలేదు. రెండోదానికి బేస్తవారిపేట బజారులో ఒక స్టూడియోకు తోడుపోయాను. ఆమె వంతు కోసం కూర్చుని ఉండగా నియమాలన్నీ కలిసి ఒక ఆటవెలదిగా తట్టాయి. మూలకర్తా నేనే, వ్యాఖ్యాతా నేనే. ఇందులో ఒక సౌకర్యం ఉంది: అన్వయం కుదరనిచోట మూలాన్నే దిద్దుకోవచ్చు.

మూలం

ఆ. తెల్లగోడ ముందు తిన్నగా నిలబడి
కళ్ళజోడు తీసి కదలకుండ
పెదవి విప్పకుండ బిగియించి చెవిదోయి
చూపువాడె సీమ చూడగలడు

ప్రతిపదార్థం

తెల్లగోడ ముందు = మచ్చయు నీడయు లేని తెల్లని నేపథ్యము ఎదుట; తిన్నగా నిలబడి = మెడను అటునిటు వాల్చక నిలిచి; కళ్ళజోడు తీసి = సులోచనములను విసర్జించి; కదలకుండ = చలనము లేక; పెదవి విప్పకుండ బిగియించి = నవ్వును లోపలనే అణచి; చెవిదోయి = చెవుల జంటను; చూపువాడె = కనబరచువాడు మాత్రమే; సీమ = పరదేశమును; చూడగలడు = దర్శింప సమర్థుడగును.

టీక

తెల్లగోడ: మార్కాపురం పలకల రాయి పుట్టే నేల మనది. నల్లని పలక మీద తెల్లని బలపంతో ఓనమాలు దిద్దినవాళ్లం. పాస్‌పోర్టు శాస్త్రం దీన్ని తిరగేసింది. పలక తెల్లనిది, దాని మీద అక్షరం మనం. అయితే సున్నం గోడ పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు. అందుకే స్టూడియోవాళ్లు గోడను నమ్మక తెల్లగుడ్డ వేలాడదీస్తారు. మనిషిని దానికి ఆనిస్తే నీడ పడుతుంది గనక రెండడుగులు ఇవతలికి జరుపుతారు. మూలంలో "గోడకు" అనక "గోడ ముందు" అనడంలోని ఔచిత్యం ఇదే.

తిన్నగా: ఈ లెక్కన వేణుగోపాలుడికి వీసా రాదు, ఆయనది త్రిభంగి. మా అత్తకూ కష్టమే. ఎదుటివాళ్లు మాట్లాడితే తల ఒక పక్కకు వాల్చి వినడం ఆమె అలవాటు. స్టూడియో కుర్రవాడు "తల వాల్చొద్దవ్వా" అంటే, ఆ మాట వినడానికి తల వాల్చింది.

కళ్ళజోడు తీసి: అమెరికా వీసా ఫొటోల్లో 2016 నవంబరు 1 నుంచి కళ్లజోడు నిషిద్ధం. అద్దాల మీద మెరుపు పడితే కన్ను మరుగవుతుందని హేతువు. కానీ జోడు తీసేస్తే కెమెరాకు కన్ను కనబడుతుంది గానీ కంటికి కెమెరా కనబడదు.

"కెమెరా వైపు చూడవ్వా."

"అది యాడుంది నాయనా?"

పెదవి విప్పకుండ: పాస్‌పోర్టులకు ధర్మశాస్త్రం రాసేది మాంట్రియల్‌లోని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, ఆ గ్రంథం పేరు 9303వ పత్రం. నోరు మూసి ఉండాలి, ముఖంలో ఏ భావమూ ఉండకూడదు. భరతుడు రసాలు ఎనిమిదే అన్నాడు, తర్వాతివాళ్లు శాంతాన్ని చేర్చి తొమ్మిది చేశారు. మాంట్రియల్ మతం వేరు: ఆ ఎనిమిదినీ కొట్టేసి, చేర్చినదాన్ని ఒక్కదాన్నే ఉంచింది.

"నవ్వొద్దవ్వా."

"నేనేడ నవ్వినా అబ్బయా, నా మొగమే అంత."

చెవిదోయి: ఇది ప్రక్షిప్తమని నా అనుమానం. విదేశాల్లోని మన రాయబార కార్యాలయాలు 2025 సెప్టెంబరు 1 నుంచి పాస్‌పోర్టు ఫొటోకు పెట్టిన నియమాల్లో చాలా వివరముంది. 630కి 810 పిక్సెళ్లు, పటంలో 80 నుంచి 85 శాతం ముఖం, కెమెరాకూ మనిషికీ నడుమ మీటరున్నర. గడ్డం అడుగు నుంచి నుదుటి పైదాకా, ముఖం రెండంచులూ కనబడాలన్నారు. చెవుల ఊసెత్తలేదు. మరి స్టూడియోల్లో "చెవులు, చెవులు" అన్న కేక ఎక్కడిది? 2004 దాకా అమెరికా గ్రీన్‌కార్డు ఫొటోకు ముఖం పక్కకు తిప్పి కుడి చెవి చూపాల్సి వచ్చేది. ఆ పాత స్మృతి ఇట్లా మిగిలిందేమో. ఏమైనా "చెవిదోయి" తీసేసి "ముఖమెల్ల" అని పెడితే శాస్త్రమూ నిలుస్తుంది, గణమూ చెడదు. అట్లా దిద్దాలనే అనుకున్నాను.

సీమ: సీమచింత, సీమదొర అన్న మాటల్లోలా పరదేశం. సరిహద్దు అనీ అర్థముంది. రాయలసీమ అన్న అర్థం కూడా మనవైపు చెల్లుతుంది: 1970 దాకా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం కర్నూలు జిల్లాది. ఆ ఏడు ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది. నిలబడినచోట నిలబడే, ఫొటో అయినా దిగకుండా సీమ దాటినవాళ్లం మనం.

శంకా సమాధానాలు

శంక: పాస్‌పోర్టు ఫొటో సేవాకేంద్రంలోనే తీస్తారు కదా, ఈ పద్యం ఎవరికి?

సమాధానం: నిజమే, పెద్దలకు అక్కడే తీస్తారు. నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం 3.5కి 4.5 సెంటీమీటర్ల తెల్లనేపథ్యం ఫొటో వెంట పట్టుకుపోవాలి. ఇక వీసాకు ఏ దేశం కొలత దానిది; అమెరికాకు రెండంగుళాల చదరం, ఆరు నెలల లోపు తీసినది. కాబట్టి శాస్త్ర పరిభాషలో ఈ పద్యానికి అధికారులు ఇద్దరు: కదలకుండా ఉండలేని పసివాళ్లు, జోడు తీస్తే చూడలేని ముసలివాళ్లు.

శంక: తలపాగా సంగతి?

సమాధానం: మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులది మన మండలంలోని మోక్షగుండం. ఆయన పేరు ముందరి "ఎం" మన ఊరే. తలపాగా లేని విశ్వేశ్వరయ్యను ఏ పటంలో చూశాం? 1898లో ఆయన జపాన్ పోయేనాటికి ఈ శాస్త్రం పుట్టలేదు గనక సరిపోయింది. ఇప్పుడు తలమీది గుడ్డకు మతాచారం ఒక్కటే మినహాయింపు. ఇంజనీరింగును మతంగా లెక్కపెట్టరు.

విశేషం

కదలవద్దని చెప్పే పద్యం ఆటవెలదిలో నడవడం విరోధాభాసం.

తాత్పర్యం

మూలంలో లేనిదేదీ రాయనని మల్లినాథుడు ప్రతిజ్ఞ పట్టాడు. ఫొటో నియమాలన్నిటిలో గట్టిదీ అదే: కంప్యూటరుతో దిద్దరాదు. మొదటి ఫొటో తీసినతను మా అత్త మీది గౌరవం కొద్దీ బుగ్గల ముడతలు చెరిపాడు, నుదుటి మీది చిన్ననాటి గాటు మాన్పాడు, ఒక ఛాయ తేల్చాడు. డెబ్బై ఏళ్ల మూలానికి ముప్పై ఏళ్ల వ్యాఖ్య తయారైంది. అది చెల్లకపోవడం న్యాయమే. మా వీధిలో ఆమెను గుర్తుపట్టడానికి ఫొటో అక్కర్లేదు. తల వాల్చిన తీరు చాలు. ఆమె మాట తెలియని, ఊరు తెలియని అధికారి ముందు ఆమె తరఫున నిలబడేది ఆ రెండంగుళాల టీక ఒక్కటే. టీక మూలాన్ని మించితే చదివేవాడు మూలాన్నే శంకిస్తాడు.

ఇది గ్రహించి, నా పద్యంలోని ప్రక్షిప్తాన్నీ కొట్టేద్దామని కలం తీశాను. అప్పటికి మా అత్త ఎవరూ చెప్పకుండానే వెంట్రుకలు వెనక్కి దువ్వుకుని, రెండు చెవులూ బయటపెట్టి గుడ్డ ముందు నిలబడి ఉంది.

"చెవులు అక్కర్లేదంట అత్తా" అన్నాను.

"ఉండనీరా, కమ్మలు కనబడాల. మావాడు చిన్నప్పుడు ఇవి పట్టుకునే నిద్రపోయేవాడు."

కలం జేబులో పెట్టేశాను. చెవిదోయి మూలంలోదే.

ఫొటో అచ్చయి వచ్చింది. నవ్వు లేదు, జోడు లేదు, వాలిన తల లేదు. అత్త జోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదెవరు నాయనా?"

"నువ్వే అవ్వా."

మళ్లీ దగ్గరికి పెట్టుకుని చూసింది.

"కమ్మలైతే నావే" అంది.