‘రోజుకు పది ఇంగ్లీషు మాటలు’ జాబితాకు బహిరంగ లేఖ

సామీ,

తిరుపతిలో మీరు లేని చోటు లేదు. పోటీ పరీక్షల హాస్టళ్ల గోడల మీద మీరే, స్నానాల గది తలుపు వెనక మీరే, చుట్టాల వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వు కిందా మీరే. ఇంటింటా సుప్రభాతం వినిపించే వేళకు మా వీధి హాస్టల్లో మీ పారాయణం మొదలవుతుంది. ‘అబేట్ అంటే తగ్గు, అబ్‌హార్ అంటే అసహ్యించుకొను, అబ్‌స్కాండ్ అంటే వెళ్లిపోవు’ అంటూ ఎక్కాల రాగంలో సాగుతుంది. నిద్ర పోయిందని కాదు నా బాధ. నిద్ర పోతే మధ్యాహ్నం తీర్చుకోవచ్చు.

నాకు మొదట గిట్టనిది మీ అక్షరక్రమం. పైన చెప్పిన మూడు మాటలకూ ఏ చుట్టరికమూ లేదు, ఒకే అక్షరంతో మొదలైన పాపానికి పక్కపక్కన కూర్చున్నాయి. మా వీధి పిల్లలకు ‘ఏ’ అక్షరం మాటలు కొట్టిన పిండి. ‘బి’ ఫర్వాలేదు. ‘సి’ నడుమకు వచ్చేసరికి నోటిఫికేషన్ పడుతుంది, లేదా ఇక పడదని తేలిపోతుంది. ఏది జరిగినా మీ పుస్తకం మూతబడేది అక్కడే. మళ్లీ తెరిచినప్పుడు మళ్లీ అబేట్ దగ్గరే శ్రీకారం. పాత పుస్తకాల బండి మీద మీ ప్రతులు చూడండి: ముందు పేజీలు నలిగి నల్లబడి ఉంటాయి, ‘ఎమ్’ తర్వాతవి పెళ్లి పత్రికల్లా తళతళలాడుతుంటాయి.

‘మీ పెద్దలు అమరకోశం బట్టీ పట్టలేదా?’ అని మీరు అడగవచ్చు. అడగండి. 1961లో మొదలై 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంగా మారిన విద్యాపీఠం ఈ ఊళ్లోనే ఉంది, అమరం నోటికొచ్చినవాళ్లు ఈ ఊళ్లో దొరుకుతారు. కాని దాన్ని కూర్చిన అమరసింహుడు మాటల్ని అక్షరాల వరసలో పోగెయ్యలేదు. దేవతలు ఒక వర్గం, ఊరు ఒక వర్గం, చెట్లూ మందుమొక్కలూ ఒక వర్గం, జంతువులు మరొకటి. ఏ మాట ఏ లింగమో కూడా శ్లోకంలోనే తెలుస్తుంది. అమరం ఒంటపట్టిన పిల్లవాణ్ణి తర్వాత రఘువంశం ముందు కూర్చోబెట్టేవారు. వల్లె వేసిన మాటలు అక్కడ పనిచేస్తూ కనబడేవి. మీకు ఆ తర్వాతి మెట్టే లేదు. మీ పదకొండో మాట రేపటి జాబితాలో మొదటి మాట, అంతే.

అందువల్ల ఏమవుతుందో చెబుతా. ఒక కుర్రాడు పండగ సెలవుకు వార్డెనుకు చీటీ రాశాడు: ‘ఊరికి అబ్‌స్కాండ్ అవుతున్నాను, దయచేసి అనుమతించగలరు.’ మీరు చెప్పిన అర్థం ప్రకారం తప్పేమీ లేదు. ఆ మాట వెనక పోలీసులు, అప్పులవాళ్లు పరిగెత్తుకొస్తుంటారని మీరు చెప్పలేదు, వాడికి తెలియదు.

పరాయి భాష మాటలు పట్టుకోవడం ఎలాగో మన సీమలోనే ఒకాయన చేసి చూపించాడు. 1820లో కడపకు వచ్చిన ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్‌కు తెలుగు కావలసి వచ్చింది. ఆయన వేమన పద్యాల ప్రతులు వెతికించి, పండితుల్ని పక్కన పెట్టుకుని చదివి, ఇంగ్లీషు చేసి 1829లో అచ్చు వేయించాడు. 1852లో వచ్చిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెరవండి. మాటకు అర్థం రాసి ఊరుకోడు, కావ్యంలో ఎలా వాడారో, జనం నోట ఎలా నడుస్తుందో కూడా చూపిస్తాడు. అంత దూరం ఎందుకు, కుప్పం సంతలో తెలుగూ అరవమూ కన్నడమూ మాట్లాడే పిల్ల ఏ జాబితా చూసి నేర్చుకుంది?

‘నేనున్నది పరీక్ష కోసం’ అంటారేమో. ఏ పరీక్ష? అమెరికా చదువులకు రాసే జీఆర్‌ఈలో విడి మాటకు వ్యతిరేకార్థం అడిగే ప్రశ్నలనూ, పోలిక జంటలనూ 2011 ఆగస్టులోనే తీసేశారు. ఇప్పుడు వాక్యమిచ్చి ఖాళీ నింపమంటారు. కేంద్ర ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఎస్‌ఎస్‌సీ మాత్రం మిమ్మల్ని ఇంకా వదల్లేదు. దాని సీజీఎల్ పరీక్ష మొదటి అంచెలో 100 ప్రశ్నలకు 25 ఇంగ్లీషువి, వాటిలో పర్యాయపదాలకూ వ్యతిరేకార్థాలకూ చోటుంది. కనుక ఊరొదిలి పొమ్మని అనను.

కాని ఇది వినండి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు దాదాపు 2,000 తేలిక మాటలతోనే మిగతా మాటలకు అర్థాలు చెప్పింది. పుంగనూరు వైపు నుంచి తెలుగు మీడియం చదివొచ్చిన పిల్లకు ముందు కావలసింది ఆ రెండు వేల మాటల మీద పట్టు. అది రాకముందే మీరు ‘అబ్‌స్ట్రూస్’ తెచ్చి నెత్తిన పెడతారు. ఇంగ్లీషు రాదన్న భయం పోవడానికి మీ దగ్గరికొస్తే, ఆ భయాన్నే రోజుకు పది చొప్పున పంచుతున్నారు.

రావాలనుకుంటే పద్ధతిగా రండి. ప్రతి మాటకూ ఒక పూర్తి వాక్యం తోడు తెచ్చుకోండి. ఆ మాట ఎక్కడ వాడకూడదో కూడా ఒక ముక్క చెప్పండి. బండి మీద మీ పక్కనే నార్మన్ లూయిస్ రాసిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ ఉంటుంది, 1949 నాటిది. అది మాటల్ని ధాతువుల చొప్పున కుటుంబాలుగా కూర్చి చెబుతుంది. ఆహారం, విహారం, సంహారం, పరిహారం ఒకే ధాతువు నుంచి వచ్చాయని తెలుగు క్లాసులో విన్న పిల్లలకు ఆ దారి కొత్త కాదు. దాన్ని చూసైనా నేర్చుకోండి.

హాస్టల్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఈ జాబితా కొనే డబ్బుతో కొన్నాళ్లు ఇంగ్లీషు పేపరు వేయించుకోండి. రోజుకొక సంపాదకీయం పూర్తిగా చదవండి. అందులో తెలియని మాటలు మూడే తీసుకుని, అవి ఉన్న వాక్యాలతో సహా నోటుబుక్కులో రాసుకోండి. పది అక్కర్లేదు.

ఇట్లు,
మీ ఎదురింటి శ్రోత,
తిరుపతి