నో పార్కింగ్ గారి సంభాషణలు

ఎంటర్ మీట నొక్కిన ప్రతిసారియు నా వాక్యమును మెడబట్టి తాను తలచిన చోట నిలబెట్టు ఆ ఎడిటర్‌తో నాకు కొంతకాలముగా నడచుచున్న వైరము, మొన్నటి కథాచర్చలో పదిమంది యెదుట రచ్చకెక్కినది గనుక, ఇక దానిని దాచి ప్రయోజనము లేదు. ఫిలింనగర్‌లో సంభాషణలు టైపు చేసి పొట్ట పోసికొను సహాయ రచయితకు ప్రొడక్షన్ మేనేజరు, కరెంటు కోత, చల్లారిన టీ అను శత్రుత్రయము చాలదన్నట్లు, పంక్తిని కుడికి జరుపవలెనా ఎడమకు జరుపవలెనా యని శాసించు అధికారి యొకడు ఈ వయస్సున దాపురించెను.

దాపురింపజేసినవాడు మా మేనల్లుడే. మాదాపూర్‌లో ఉద్యోగము చేయుచు, తాను కోడ్ వ్రాసికొను ఎడిటర్‌నే నా కంప్యూటర్‌లో పెట్టి, "మామయ్యా, దీనికి ఫౌంటెన్ పద్ధతి నేర్పాను. నువ్వు టైపు చేసుకుంటూ పో, ఇండెంటేషన్ అంతా అదే చూసుకుంటుంది" అని అభయహస్తము చూపి వెడలిపోయినాడు. కోడ్ వ్రాయువారి లోకమున, పంక్తికి ముందు ఖాళీ విడుచు ఈ ఇండెంటేషన్ అలంకారము కాదు. గీడో వాన్ రోసమ్ అను డచ్చి పండితుడు 1991లో లోకమునకు విడిచిన పైథాన్ భాషలో పంక్తికి ముందున్న ఖాళీయే వ్యాకరణము. ఏ ఆజ్ఞ ఏ షరతునకు లోబడినదో ఆ ఖాళీయే చెప్పును. మెట్టుకు నాలుగు ఖాళీలు విడువుడని 2001 నాటి వారి మర్యాదల పత్రము. టాబ్‌లను స్పేస్‌లను అడ్డదిడ్డముగా కలిపినచో పైథాన్ మూడవ అవతారము అడుగు ముందుకు వేయక మొరాయించును. ఖాళీలు మేలా, టాబ్ మేలా యని ఆ వృత్తివారు చేసిన వాదములను ప్రోగుచేసినచో, అద్వైత విశిష్టాద్వైతముల వాదములు పిల్లల తగవులుగా కనబడును.

ప్రోగ్రామునకు తగిన ఈ నిష్ఠ సినిమాకేల యని నేనడుగలేదు. అడుగవలసినవాడు మాదాపూర్‌కు పోయినాడు. ఫౌంటెన్ అనునది 2012లో హాలీవుడ్ రచయిత జాన్ ఆగస్ట్, స్టూ మాష్విట్జ్ మొదలగువారు కలిసి ప్రకటించిన పద్ధతి; స్క్రీన్‌ప్లేను సాదా అక్షరములతో వ్రాసికొని పోయినచో, ఏది పాత్ర పేరో, ఏది సంభాషణయో యంత్రమే గుర్తించును. గుర్తించు సూత్రము మిక్కిలి సులభము: పైన ఖాళీ పంక్తి యుండి, క్రింద ఖాళీ లేక, అక్షరములన్నియు ఇంగ్లీషు పెద్దబడిలో (క్యాపిటల్స్‌లో) నున్నచో అది పాత్ర పేరు, దాని క్రిందిది ఆ పాత్ర పలుకు మాట. పేరును పుట నడిమికిని, మాటను దానికి కొంత ఎడమగాను జరిపి ఎడిటర్ నాకు వడ్డించును.

తెలుగునకు పెద్దబడి లేదు, చిన్నబడి లేదు. జమీందారు పేరునకును జీతగాని పేరునకును మన లిపి ఒకే పరిమాణపు అక్షరమును పెట్టినది. కాబట్టి నేను 'లక్ష్మి' అని వ్రాసినచో యంత్రము ఆ పిల్లను మనిషిగా ఎంచక, కుర్చీలను బల్లలను వర్ణించు పంక్తులతో పాటు ఎడమ గోడకు చేరవేయును. శాస్త్రకర్తలు దీనికి విరుగుడు పెట్టకపోలేదు: పేరునకు ముందు, ఈమెయిలు చిరునామాల నడుమ సున్న చుట్టుకొని కూర్చుండు ఆ 'ఎట్' గుర్తును ఉంచవలెను. అనగా ఇంగ్లీషు పేరు పుట్టుకతోనే పాత్ర. తెలుగు పేరు మాత్రము నుదుట బొట్టు పెట్టుకొని వచ్చిననే పాత్ర.

ఇక రచ్చకెక్కిన దృశ్యము. అది జూబ్లీ హిల్స్ రోడ్డు నంబరు 10లో రాత్రివేళ జరుగును. పది అనగానే ఏ పది యని అడుగవలెను. బంజారా హిల్స్‌లో ఒక పది కలదు, జూబ్లీ హిల్స్‌లో ఒక పది కలదు, స్క్రిప్టు పట్టుకొని బయలుదేరిన ఆఫీస్ బాయ్ ఎల్లప్పుడును తప్పు పదికే పోవును. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు నుండి 36వ నంబరు రోడ్డు వెంట మాదాపూర్ దిక్కుగా సాగువాడు తరువాతిది 37 అని ఆశపడి, 45 ఎదురుకాగా నివ్వెరపడి, దానినే పట్టుకొని పోయినచో 2020లో తెరచిన దుర్గం చెరువు తీగల వంతెన మీద తేలి, చెరువు చూచుకొనవలసినదే. సరే, రోడ్డు దొరకినదనుకొందము. ఇంటి నంబరో? 8-2-293/82 అని మొదలగును. ఎనిమిది వార్డు, రెండు బ్లాకు, మూడవది ఇంటి సంఖ్య. ఆ పిమ్మట ఏటవాలు గీతలు, గీతల నడుమ అంకెలు, అంకెల ప్రక్కన ఇంగ్లీషు అక్షరములు, మరల గీతలు, వీనికి తోడు వేరుగా ప్లాటు నంబరు. 293 ఒక్క ఇంటి సంఖ్యయే యైనచో ఆ ఇంటి కడుపున ఒక పట్టణము పట్టినదన్నమాట! కొరియర్ కుర్రవాడు ఈ చిరునామాను సాంతము చదివిన దాఖలా లేదు. మొదటి గీత దగ్గరనే "సార్, లొకేషన్ పెట్టండి" అనును. ఏడెనిమిది మెట్లు లోనికి జరిపి వ్రాయవలసిన వ్యవహారమును ఒకే పంక్తిలో కుక్కుకొని కాలక్షేపము చేయుచున్న ఈ పేటలో కూర్చుండియే, పంక్తి ఎడమ అంచున ఎంత ఖాళీ యుండవలెనో నేను నేర్చుకొనుచున్నాను.

ఆ రోడ్డుమీద ఒక బోర్డు. బోర్డు మీది మాట బోర్డు మీద ఉన్నట్లే ఉండవలెనని 'నో పార్కింగ్' అని ఆంగ్లములో, పెద్దబడిలో, ఒక పంక్తిగా వ్రాసి, క్రింది పంక్తిలో "అనే బోర్డు పక్కన నల్లకారు ఆగుతుంది. వర్షం. నలుగురు దిగి డిక్కీ తెరుస్తారు" అని వ్రాసితిని. సూత్రము అక్షరాల సరిపోయినది. నో పార్కింగ్ పుట నడిమికి వేంచేసి, వర్షమును కారును డిక్కీని తన సంభాషణగా పలికినది. అదే పుటలో "నాన్నా!" అని గుండె పగుల నరచిన లక్ష్మి, ఎట్ గుర్తు ఒక్కచోట జారినందున, ఎడమ అంచున సామానులతో కలిసినది. ఎడిటర్ తయారుచేసిన పాత్రల పట్టికలో నో పార్కింగ్ కలదు.

కథాచర్చలో ఆ పట్టిక చూచిన దర్శకుడు గంభీరముగా, "ఈ నో పార్కింగ్ క్యారెక్టర్‌కి ఎవర్ని అనుకుంటున్నారు?" అనెను. కో-డైరెక్టరు తడుముకొనక, "కొత్తవాళ్లని పెడదాం సార్, రెమ్యునరేషన్ కలిసొస్తుంది" అనెను. మేనేజరు వ్రాసికొనెను.

ముంబయి నుండి వచ్చిన కథానాయిక కొరకు ఇదే దృశ్యమును తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరములలో దించి ఇచ్చితిమి. అందులో మనిషి పేరు దగ్గర యంత్రము ఎక్కడను పొరపడలేదు. ప్రతి పేరును గౌరవముగా నడిమికి తెచ్చినది. నాకు కష్టము కలిగినది ఇక్కడ. తెలుగు చిత్రమున, తెలుగు కథలో, తెలుగు పేరు గల పిల్ల మనిషిగా చెల్లుటకు లిపి మార్చుకొనవలసి వచ్చినది.

మన సినిమా కోడంబాకంలో నున్ననాటి వ్రాత అలవాటు వేరు. పుటను నిలువున రెండుగా మడచి, ఎడమ సగమున జరుగునది, కుడి సగమున పలుకునది వ్రాసెడివారు. నాకు పని నేర్పిన పెద్దాయన వ్రాతలో పంక్తులు తిన్నగా నడువవు. మాట దొరకక ఆగిన చోట సిరా చిక్కబడును, దొరకిన చోట అక్షరములు ఏటవాలుగా పరుగెత్తును. ఎవరి పేరున తెరకెక్కినను, ఆ కాగితము చూచినవారికి ఆ మాట ఎవరిదో తెలిసెడిది. పేరు పడని మాబోటివారికి ఆ వంకరయే సంతకము. ఇప్పుడు గదిలో నలుగురము నాలుగు దృశ్యములు టైపు చేసి ప్రింటు తీసినచో, అన్నియు ఒకే తీరున చక్కగా ఉన్నవి; పోయిన నెల సీను ఒకటి చేతికి తీసికొని, ఇది నేను వ్రాసినదో, ప్రక్క కుర్రవాడు వ్రాసినదో తేల్చుకొనలేకపోయితిని.

అది యట్లుండనిండు. చెక్‌పోస్టు స్టేషనులో మెట్రో ఎక్కినచో పెద్దమ్మ గుడి దాటగానే మాదాపూర్. అంత చేరువలో ఇన్ని వేలమంది కోడ్ వ్రాయువారున్నారు. వారికి నా విన్నపము ఒక్కటే. మన అచ్చు నాటకములలో పాత్ర పేరు చివర రెండు చుక్కలు పెట్టుట వాడుకలో నున్నది; పెద్దబడిని వెదకుట మాని ఆ చుక్కలను చూచి పేరును గుర్తించు నియమమొకటి వ్రాసి పెట్టుడు. తమిళ, కన్నడ, హిందీ రచయితలకును పనికివచ్చును, వారి లిపులకును పెద్దబడి లేదు. మా మేనల్లునికి చెప్పితిని. "వీకెండ్‌లో చూస్తాను మామయ్యా" అన్నాడు. మీలో ఎవరైనను అంతకు ముందే చూడగలిగినచో, షూటింగు వచ్చే నెలలో ఉన్నది.