లాభం నాది, నష్టం ఊరిది

పంట పండితే నా తెలివి, ఎండితే ఊరి దరిద్రం. ఏళ్ల తరబడి నా లెక్కల పుస్తకం ఈ పద్ధతి మీదే నడిచింది. అందులో ఊరి పేరున ఖర్చులు రాసుకున్నానే గానీ జమ ఒక్కటీ రాయలేదు. అట్లాగని ఊరంటే ప్రేమ లేదా అంటే, ఆ మాట ఎవరన్నా ఒప్పుకునేవాణ్ని కాదు. గుండె మీద చెయ్యేసుకుని ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. నా మూర్ఖత్వం ఆ ఉపన్యాసంతోనే మొదలైంది కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను.

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఒక పల్లె. ఉత్తరాన పెన్న, తూర్పున సముద్రం. హైదరాబాదు నుంచి చుట్టాలొస్తే నా హడావుడి చూడాలి. మొదటి పూట మామిడికాయ వేసిన చేపల పులుసు. అదీ ముందు రోజు కాచి, రాత్రంతా ఊరనిచ్చింది. మర్నాడు టౌనుకు తీసుకుపోయి కారం దోశ, మలై కాజా. సాయంత్రం సముద్రం. వాళ్ల అదృష్టం బాగుండి ఆ వారంలో శ్రీహరికోటలో ప్రయోగం ఉంటే మిద్దె ఎక్కించి దక్షిణం వైపు వేలు చూపించి ‘అదుగో’ అనేవాణ్ని. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని ఎస్‌ఎల్‌వీ-3 కక్ష్యలో పెట్టిన సంగతి నేనే దగ్గరుండి ఇంధనం పోసినట్టు వర్ణించేవాణ్ని. 2022లో జిల్లాలు విడగొట్టి శ్రీహరికోటను తిరుపతి జిల్లాలో కలిపారు గానీ నేను మాత్రం వదిలిపెట్టలేదు. ఇప్పటికీ అది మాదే అంటాను.

ఇన్ని చూపించినవాణ్ని, మా ఇసక దిబ్బల్లోని దొరువును మాత్రం ఏ చుట్టానికీ చూపించలేదు. దొరువంటే ఏమంత గొప్ప? ఇసకలో తవ్విన గుంత. నాలుగు అడుగులు దిగితే నీళ్లు. కుండ ముంచుకుని ఆడవాళ్లు ఇంటికి తీసుకుపోతారు. మగవాళ్లు వంకాయ మొక్కలకూ సర్వి నారుకూ పోస్తారు. పక్కనే సముద్రం ఘోషిస్తున్నా ఆ నీళ్లు తియ్యగా ఉండేవి. అవి ఎందుకు తియ్యగా ఉన్నాయని నేను ఎప్పుడూ అడగలేదు. దొరుకుతున్నదాన్ని గురించి అడగాలని ఎవరికి తోస్తుంది?

1990 తర్వాత మా తీరానికి రొయ్య వచ్చింది. అంతకు ముందూ ఉండేదనుకోండి, కాలవల్లో, పులుసుల్లో. ఇప్పుడు వచ్చింది టైగర్ రొయ్య. హేచరీల్లో పిల్ల, సంచుల్లో మేత, జపాను దాకా ఎగుమతి. విడవలూరు నుంచి వాకాడు దాకా ఎక్కడ చూసినా పొక్లెయిన్లు. కిలోకు ముప్ఫై కౌంటా, నలభయ్యా అన్నదే టీ అంగళ్ల దగ్గర మాట. పత్రికలు నెల్లూరును రొయ్యల రాజధాని అని రాశాయి. ఆ మాట చదివి నేను అద్దంలో చూసుకున్నాను.

మాకు ఉన్నవి మొలగొలుకులు పండిన మడులు. పెన్న నీళ్లు కాలవలో వచ్చి మా గట్టు తాకేవి. మా వైపు వడ్ల లెక్క పుట్లలో. పుట్టి అంటే 850 కిలోలు. ఎకరాకు ఎన్ని పుట్లు అయినా, పక్క చేలో రొయ్యలు పట్టినవాడి లెక్క ముందు అది చిల్లర. మడులు తవ్వి గుంటలు చేస్తానన్నాను. మా అమ్మ అన్నం గిన్నె ముందు కూచుని అంది:

“ఏందిరా అబ్బయా, అన్నం పెట్టే మడికి ఉప్పునీళ్లు పెడతావా?”

“అన్నం కొనుక్కుందాంలేమా,” అన్నాను.

ఆ మాట నోట్లో నుంచి వచ్చినప్పుడు చాలా తెలివైన మాటలాగా ఉండింది.

అదే సంవత్సరం మొహర్రం నెలలో నెల్లూరు రొట్టెల పండగకు పోయాను. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు. పన్నెండుమంది వీరుల సమాధులున్న చోటు. ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు నయమైతే ఆయన కృతజ్ఞత చెప్పుకోవడానికి ఇక్కడికి వచ్చి రొట్టెలు పంచాడని పెద్దలు చెప్పే కథ. చెరువు నీళ్లలో నిలబడి చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె, విదేశం రొట్టె అని జనం అరుస్తుంటారు. కోరిక ఉన్నవాడు తీసుకోవాలి. తీరినవాడు మళ్లీ ఏడు రొట్టె తెచ్చి అదే కోరికతో నిలబడ్డ ఇంకొకరికి ఇవ్వాలి. హిందువా ముస్లిమా అని ఎవరూ అడగరు. నేను ధనం రొట్టె తీసుకున్నాను. ఇచ్చినాయన మొహం కూడా సరిగా చూడలేదు. రొట్టె మాత్రం జాగ్రత్తగా కళ్లకద్దుకుని తిన్నాను.

మొదటి పట్టుబడి బ్రహ్మాండంగా వచ్చింది. మోటారు సైకిలు పోయి కారు వచ్చింది. మళ్లీ మొహర్రం వచ్చింది. రొట్టె తీసుకుపోవాలి కదరా అని అమ్మ గుర్తు చేసింది. గుంటల దగ్గర తీరిక లేదన్నాను. లోపల అనుకున్నది వేరు. రాత్రిళ్లు ఏరియేటర్ల మోత మధ్య మేలుకున్నది నేను, చెక్‌ట్రేలు ఎత్తి చూసుకున్నది నేను, అప్పు చేసింది నేను. మధ్యలో ఈ రొట్టె ఎవరికి, ఎందుకు?

ఇక్కడ నేను చేసిన ఇంకో ఘనకార్యం చెప్పాలి. గుంటలకు నీళ్లు తోడేది క్రీకు నుంచి, అంటే ఉప్పుటేరు నుంచి. ఎండాకాలంలో ఆ నీళ్లు ఆవిరైపోయి ఉప్పు చిక్కబడుతుంది. రొయ్యకు అంత ఉప్పు పనికిరాదు. మంచినీళ్లు కలిపి పలచన చెయ్యాలి. అందరూ బోర్లు వేశారు, నేనూ వేశాను. నేల కింది నుంచి తియ్యటి నీళ్లు తోడి ఉప్పు గుంటల్లో పోశాను. తాగే నీళ్లు రొయ్యలకు పోస్తున్నామన్న ఆలోచన ఒక్క పూట కూడా రాలేదు. మోటారు ఎన్ని గంటలు ఆడిందన్నదే నా లెక్క.

1994 చివర్లో తెల్లమచ్చల వైరస్ వచ్చింది. రొయ్యలు గట్టు వారకు వచ్చి తేలేవి. పెంకు మీద తెల్లటి చుక్కలు. కనబడిన మూడు రోజులకో, పది రోజులకో గుంట మొత్తం పోతుంది. నేనేం చేశాను? జబ్బు నీళ్లను క్రీకులోకి వదిలేశాను. కింద ఉన్నవాడు అదే క్రీకు నుంచి నీళ్లు తోడుకున్నాడు. పైన ఉన్నవాడు వదిలినవి అంతకు ముందే నేను తోడుకుని ఉన్నాను. అందరం ఒకే కాలవలో కడిగి, ఒకే కాలవలో తాగించి, వైరస్ ఎక్కడి నుంచి వచ్చిందని ఒకరినొకరు అడుక్కున్నాం.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తమిళనాడు గాంధేయవాది ఎస్.జగన్నాథన్ వేసిన కేసు. తీరానికి 500 మీటర్ల లోపల ఉన్న రొయ్యల చెరువులు తీసెయ్యాలనీ, సాగుభూముల్నీ ఉప్పుమళ్లనీ మడ అడవుల్నీ ఊరుమ్మడి నేలల్నీ చెరువులుగా మార్చకూడదనీ కోర్టు చెప్పింది. నాకు అందులో అర్థమైనదల్లా ‘మన పొట్ట కొట్టారు’ అని. తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వా సాగుకు వేరే చట్టం వచ్చింది, 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చింది, సాగు మళ్లీ లేచింది. నేను లేవలేకపోయాను. కారు అమ్మాను. ఊరిని తిట్టడం మొదలుపెట్టాను.

ఏమని తిట్టాను? ఎండ. చెమట. ఇంటి గ్రిల్లు ఏడాదికే తుప్పు పడుతుంది. వాన రావాల్సినప్పుడు రాదు, వస్తే తుపానుగానే వస్తుంది. 1984లో శ్రీహరికోట దగ్గర, 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుపానుల్ని వేళ్ల మీద లెక్కపెట్టి ‘ఇదీ మన ఊరి భాగ్యం’ అనేవాణ్ని. ఇదంతా అమ్మేసి బెంగుళూరు పోతానన్నాను. ఉప్పుబట్టిన భూమిని కొనేవాడు దొరకలేదు. కాబట్టి చదివేవాళ్లు పొరబడకుండా చెబుతున్నాను, నేను ఊళ్లో ఉండిపోయింది ప్రేమతో కాదు. పొలం అమ్ముడు పోక.

ఒకసారి కూలీల కోసం మాకు దిగువన ఉన్న పాళెం పోయాను. మధ్యాహ్నం ఎండ. నోరెండిపోయి ఒక పెద్దమ్మను మంచినీళ్లడిగాను. చెంబుతో ఇచ్చింది. ఒక గుక్క తాగి మొహం చిట్లించాను.

“ఉప్పగా ఉండాయా అబ్బయా?” అంది. “మా దొరువు నీళ్లే. నువ్వెప్పుడూ బాటిలు తెచ్చుకుంటావు గదా, నీకు తెలియదులే.”

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే నాకు తెలియదనుకుంది. అప్పుడు కూడా నాకు తట్టింది ‘వానల్లేవు గదా’ అన్న మాటే. ట్యాంకరు నీళ్లకు బిందెలు వరస పెట్టి ఉన్నాయి. వాటి మధ్య నుంచి బండి పోనిచ్చుకుని వచ్చేశాను.

భూగర్భ జలాల సంగతి తెలిసిన ఇంజనీరు ఒకాయన ఆ తర్వాత నాకు పాఠం చెప్పాడు. వాన నీళ్లు ఇసకలోకి ఇంకి, కింద ఉన్న సముద్రపు నీళ్ల మీద తేలుతాయి. ఉప్పునీళ్లు లీటరుకు పాతిక గ్రాముల దాకా బరువెక్కువ కాబట్టి తియ్యటివి పైన, పాల మీద మీగడలాగా నిలబడతాయి. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్లు ఉంటే, దాని కింద సుమారు నలభై అడుగుల మంచినీళ్లు ఉన్నట్టు. పైన ఒక అడుగు తోడేస్తే, నెమ్మదిగా అయినా సరే, కింద నలభై అడుగుల మేర ఉప్పు పైకి వస్తుంది. కుండలతో ముంచుకుంటే దొరువు తరతరాలు ఇస్తుంది. మోటారు పెట్టి రాత్రింబగళ్లు లాగితే సముద్రమే పైకొస్తుంది. గుంటల నుంచి దిగిన ఉప్పు దానికి తోడు.

“మరి ఆ మీగడ కట్టేది ఎప్పుడు?” అని అడిగాను.

“మీరు తిడతారే, ఆ తుపాన్లప్పుడు,” అన్నాడు ఆయన. నెల్లూరు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడితేనే మాకు వాన. నేను వేళ్ల మీద లెక్కపెట్టిన శాపాల్లో సగం, మా తాగునీళ్లకు వచ్చిన జమ అన్నమాట. ఖర్చు కింద రాసుకున్నది నేను.

గుంటలు పూడ్చడం తవ్వినంత తేలిక కాదు. గట్లు కొట్టి చదును చెయ్యాలి. కాలవ నీళ్లు పెట్టి నిలబెట్టి, ఉప్పు కరిగాక మురుగు కాలవలోకి వదలాలి. మళ్లీ పెట్టాలి, మళ్లీ వదలాలి. మా అదృష్టం, ఎగువన 78 టీఎంసీల సోమశిల ఉంది, నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచొచ్చే పెన్న ఉంది. ఆ నది నా మూర్ఖత్వం కడగడానికి కూడా పనికొచ్చింది. మొదట వేసిన వరి ఎర్రబడి పోయింది. తర్వాతిది బతికింది. ఇప్పుడు గింజ వస్తోంది. మా అమ్మ ఉన్న రోజుల్లో వచ్చిన దిగుబడి ఇంకా రాలేదు. ఆమె కూడా ఇప్పుడు లేదు.

చాలా ఆలస్యంగా ఒక ఏడు రొట్టె పట్టుకుని స్వర్ణాల చెరువులోకి దిగాను. నాకు ధనం రొట్టె ఇచ్చినాయనను వెతికి అప్పు తీర్చాలన్న వెర్రి ఆలోచన అప్పటికీ ఉంది. ఆయనెవరో ఎట్లా తెలుస్తుంది? పక్కన నిలబడ్డ ఒక ముసలాయన నవ్వి, “ఇచ్చినోళ్లకు గాదు సామీ, చెయ్యి చాపినోళ్లకు ఇయ్యాల,” అన్నాడు. ఎవరో కుర్రవాడి చేతిలో పెట్టాను.

పండగ నియమం నాకు తెలియనిది కాదు. కానీ అది ఊరికి కూడా వర్తిస్తుందని తట్టలేదు. ఊరు ఇచ్చిందాన్ని ఊరికి తిరిగి ఇవ్వడం ఎట్లా కుదురుతుంది? ఇసకకు దణ్ణం పెడితే దానికేం ఒరుగుతుంది? చుట్టాల ముందు పొగిడితే దొరువులో చుక్క పెరుగుతుందా? నాకు దొరికిన నీళ్లు నా తర్వాత చెయ్యి చాపేవాళ్లకు దొరకాలి. ఊరికి కృతజ్ఞత అంటే ఇంతకు మించి ఇంకేమీ లేదని నా నిర్ణయం. మిగిలిందంతా మిద్దె ఎక్కి రాకెట్టు చూపించడమే.

నేను పూర్తిగా బాగుపడ్డానని మాత్రం ఎవరూ అనుకోవద్దు. క్రీకు వారన ఉన్న ఒక ఎకరం ఇప్పటికీ వనామి సాగుకు కౌలుకిచ్చి ఉన్నాను. బోరు వెయ్యకూడదని కాగితం మీద రాయించుకున్నాను. జబ్బు నీళ్లు కాలవలోకి వదలకూడదనీ రాయించుకున్నాను. కౌలు డబ్బులు తీసుకునేటప్పుడు చెయ్యి వణకదు. రొయ్య పాపిష్టిదని నేను అనను, దాని మీద ఎన్నో ఇళ్లు బతుకుతున్నాయి. నేల కింది నీళ్లు నావొక్కడివే అనుకోవడమే పాపం.

పాళెంలో దొరువు కొంచెం కోలుకుంది. వాన బాగా పడిన ఏడు జనవరి దాకా తాగడానికి పనికొస్తుంది, తర్వాత సవుడు రుచి తగులుతుంది. అందుకే మా తీరంలో ఉన్నవాళ్లకు నాదొక మనవి. బోరు వేయించే ముందు జియాలజిస్టును పిలవండి, కొబ్బరికాయతో చూసేవాణ్ని పిలవండి, మీ ఇష్టం. కానీ ముందుగా మీకు దిగువన ఉన్న పాళెం పోయి ఒక చెంబెడు నీళ్లు అడిగి తాగండి. ఉప్పగా ఉంటే ఇంటికి తిరిగి వచ్చేయండి. తియ్యగా ఉంటే కూడా తిరిగి వచ్చేయండి.