చింటూగారి దొరతనం

అసలు పేరు పాస్‌పోర్టులో రెండు వరుసలుంటుంది. వెంకటతో మొదలై, తాతగారి పేరు మీదుగా సాయిని కలుపుకొని, న్యూమరాలజీ ఆయన తగిలించిన అదనపు అక్షరంతో ముగుస్తుంది. ఇంట్లో మాత్రం చింటూ. కాకపోతే బన్నీ, అదీ కాకపోతే లక్కీ. వయసు ఆరుకీ తొమ్మిదికీ మధ్య. దొరికే చోట్లు టెక్సస్‌లో ఇర్వింగ్, ఫ్రిస్కో, న్యూజెర్సీలో ఎడిసన్, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్. నాన్న హెచ్1బీ ఉద్యోగ వీసా మీద, అమ్మా తనూ కుటుంబసభ్యులకిచ్చే హెచ్4 మీద దిగుతారు. అమెరికా వెళ్లాలా వద్దా అని ఇంట్లో అందర్నీ అడిగారు. పిన్నినీ, బాబాయినీ, జాతకం చూసే ఆయన్నీ, పనమ్మాయిని కూడా. వీణ్ణి మాత్రం "విమానం ఎక్కుతావా నాన్నా?" అన్నారు. ఎక్కుతానన్నాడు. అదే వాడి ఒప్పుకోలు కింద జమ అయింది.

డాలస్ పక్కన మేముండే అపార్ట్‌మెంట్లలో ఏటా ఎండాకాలంలో కొత్త చింటూలు దిగుతారు. ఆగస్టులో బడులు తెరుస్తారు కాబట్టి అంతకుముందే వచ్చేస్తారు. మొదటి వారమంతా బాల్కనీలో నిలబడి కిందికి చూస్తుంటారు. కింద కార్లు తప్ప మనుషులుండరు. కూకట్‌పల్లిలో అయితే ఆ వేళకి క్రికెట్ బంతి ఎవరి కిటికీకో తగిలి ఉండాలి, ఉల్లిపాయల బండాయన మైకులో అరుస్తూ ఉండాలి. "ఇక్కడ అందరూ ఎక్కడికెళ్లారంకుల్?" అని ఒకడు నన్ను నిలదీశాడు. "ఎండ నాన్నా, వంద డిగ్రీలు దాటింది, అందరూ లోపలే ఉన్నారు" అన్నాను. వాడి మొహం పాలిపోయింది. వందకి నీళ్లు మరుగుతాయని వాళ్ల బళ్లో చెప్పారట. ఫారెన్‌హీట్ సంగతి వాడికింకా తెలీదు.

బడిలో చేర్చే రోజున మొదటి అవమానం జరుగుతుంది. వాడికి కాదు, వాళ్లమ్మకి. టీకాల కాగితాలు, ఇంటి లీజు, కరెంటు బిల్లు అన్నీ చూశాక ఒక ఫారం చేతిలో పెడతారు. మీ ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు, పిల్లవాడు ఎక్కువగా ఏ భాష మాట్లాడతాడు అని అందులో ఉంటుంది. "అక్కడ ఇంగ్లీషని రాసి పారెయ్యండి బాస్" అని ముందొచ్చిన తెలుగువాళ్లు సలహా చెప్పే ఉంటారు. కానీ నాన్నది అబద్ధమాడలేని చెయ్యి, పైగా కాస్త భాషాభిమానం. తెలుగు అని రాస్తాడు. ఇంకేముంది, చింటూకి ఇంగ్లీషు పరీక్ష పెట్టి, ఈఎస్ఎల్ జాబితాలో వేస్తారు. అంటే ఇంగ్లీషు ఇంకా నేర్చుకోవాల్సినవాళ్ల జాబితా.

"ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియమండీ! తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే స్కూలు!" అని వాళ్లమ్మ మా ఇంటికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. బాధ న్యాయమైనదే. తెలుగు మాట్లాడినందుకు అక్కడ ఫైను, మాట్లాడతామని ఒప్పుకున్నందుకు ఇక్కడ పరీక్ష. నా మట్టుకు నాకు ఆ తరగతే మంచిదనిపిస్తుంది. టీచరు నిదానంగా మాట్లాడుతుంది, పక్కన మెక్సికో నుంచో వియత్నాం నుంచో దిగిన ఇంకో చింటూ ఉంటాడు. ఈ మాట ఆవిడతో అనే ధైర్యం మాత్రం నాకు లేదు.

బళ్లో మొదటి రోజు టీచరు లోపలికి రాగానే చింటూ లేచి నిలబడి, రాగం తీసి, "గు...డ్ మార్నిం...గ్ టీ...చర్" అంటాడు. నలభైమంది కోరస్‌లో కలిసిపోయిన గొంతు ఒక్కసారిగా కచేరీ అయిపోతుంది. తరగతి తరగతంతా వెనక్కి తిరుగుతుంది. కూర్చోమనేదాకా వాడు కూర్చోడు. కూర్చోమనాలని ఆవిడకి తెలీదు.

దాన్ని మించింది చిటికెనవేలు. మన బడుల్లో పిల్లాడు చిటికెనవేలు ఎత్తితే, టీచరు కాపీ దిద్దుతూ తలెత్తకుండానే "వెళ్లిరా" అంటుంది. మా పక్కింటి చింటూ మొదటి వారంలో అదే నమ్మకంతో టీచరు దగ్గరికి వెళ్లి వేలు చూపించాడు. అమెరికాలో ఇద్దరి చిటికెనవేళ్లూ మెలేసుకుంటే ఒట్టు పెట్టుకున్నట్టు. ఆవిడ కరిగిపోయింది. తన వేలు వాడి వేలికి మెలేసి, నవ్వి, భుజం తట్టి పంపింది. వాడొచ్చి కూర్చున్నాడు. కాసేపటికి మళ్లీ వెళ్లి మళ్లీ వేలెత్తాడు, ఈసారి మోకాళ్లు దగ్గరగా పెట్టుకొని. ఆవిడ మళ్లీ ఒట్టేసింది. మధ్యాహ్నం ఇంటికి ఫోనొచ్చింది, ఇంకో ప్యాంటు పట్టుకు రమ్మని. "మీ అబ్బాయి ఎంత ఆప్యాయత గలవాడో" అని కూడా చెప్పిందట.

ఇక లంచ్ డబ్బా. శుక్రవారమని వాళ్లమ్మ పులిహోర పెట్టింది. పోపులో పల్లీలు. పల్లీ పడని పిల్లలుంటారని ఆ క్లాసులో పల్లీలు నిషేధం. డబ్బా మూత తియ్యగానే వాణ్ణి డబ్బాతో సహా వేరే బల్లకి పంపించారు. సాయంత్రం ఒక చీటీ కూడా వచ్చింది. సోమవారం నుంచి పోపులోంచి పల్లీలు ఏరడం నాన్న డ్యూటీ.

ఇన్ని జరిగాక ఎవడు మాత్రం నోరు విప్పుతాడు? నెలా రెండు నెలలు చింటూ బళ్లో మాట్లాడడు. కొత్త భాషలో వచ్చిపడ్డ పిల్లలకి ఈ మౌనం మామూలేనని టీచర్లకి తెలుసు, కంగారుపడరు. ఇంట్లో మాత్రం నాయనమ్మ వీడియో కాల్లోంచి ఉప్పూ ఎండుమిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వెయ్యమంటుంది. పొయ్యి కరెంటుది. మూకుట్లో వేయిస్తే పొగకి అలారం మోగి, మూడంతస్తుల జనమూ పార్కింగులోకి వచ్చి నిలబడ్డారు. చింటూకి అమెరికాలో జనం కనిపించింది ఆ రోజే.

అయితే మాట్లాడలేదు కదా అని ఊరికే కూర్చున్నాడనుకోకండి. వాడు వింటున్నాడు. ముఖ్యంగా రూల్సు వింటున్నాడు. అక్టోబరు 31 హాలోవీన్ రాత్రి బ్యాట్‌మ్యాన్ వేషం కట్టి, గడపగడపా ఎక్కి చాక్లెట్లు పోగేసుకొచ్చాక ("అడుక్కోవడమేంట్రా మనకి?" అని నాన్న అన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు) వాడి మౌనవ్రతం ముగుస్తుంది. నవంబరు నుంచి దొరతనం మొదలు.

నిన్న మొన్నటిదాకా యాక్టివా ముందు నిలబడి అద్దం పట్టుకొని, వెనక అమ్మ, మధ్యలో కూరగాయల సంచీ, రాంగ్ రూట్లో కూకట్‌పల్లంతా తిరిగిన మనిషే. ఇప్పుడు అందరి బెల్టులూ టక్కుమని చప్పుడయ్యేదాకా కారు కదలనివ్వడు. ఎనిమిదేళ్లు నిండని పిల్లలు, నాలుగడుగుల తొమ్మిదంగుళాలు దాటితే తప్ప, వాళ్ల సీట్లోనే కూర్చోవాలని టెక్సస్ చట్టం. ఆ చట్టం చింటూకి కంఠతా వచ్చు. స్టాప్ బోర్డు దగ్గర నాన్న కాస్త నెమ్మది చేసి పోనిచ్చాడా, వెనకనుంచి సెకన్ల లెక్కతో సహా ఆర్డరొస్తుంది: "నాన్నా, ఫుల్ స్టాప్! వన్ మిస్సిసిపీ, టూ మిస్సిసిపీ, త్రీ మిస్సిసిపీ... ఇప్పుడు పోనీ." పసుపుపచ్చ బడి బస్సు ఎర్ర లైట్లు వేసి, పక్కనుంచి స్టాప్ పలక చాపిందంటే ఎదురుగా వచ్చే కార్లూ ఆగాల్సిందే. నాన్న ఆగుతాడు. ఆగినా సరే, ఎందుకు ఆగాలో చింటూ మొదట్నుంచి చెబుతాడు.

డ్రైవ్‌త్రూ దగ్గర ఆ దొరతనం ఇంకా స్థిరపడుతుంది. పదిహేనేళ్లుగా అమెరికా క్లయింట్లతో కాల్స్ మాట్లాడిన నాన్న, ఆ స్పీకరు పెట్టెతో "బీన్ బురిటో, నో బీఫ్" అంటాడు. పెట్టె "సారీ?" అంటుంది. మళ్లీ అంటాడు, గట్టిగా. పెట్టె మళ్లీ "సారీ?" వెనక సీట్లోంచి చింటూ ముక్కుతో అదే మాట అంటాడు. పెట్టె పరవశించిపోయి బిల్లు చెబుతుంది. ఆ తర్వాత ఇంటిదాకా కార్లో ఎవరూ ఏమీ మాట్లాడరు.

ఇక బడి నుంచి వచ్చే హుకుములు. ఫిబ్రవరిలో ఇరవై రెండు పేర్ల జాబితా వస్తుంది, వాలంటైన్స్ డేకి క్లాసులో ఒక్కరినీ వదలకుండా అందరికీ కార్డులు రాసి పంపాలని. ప్రేమలేఖ రాశాడని కాలేజీలో సస్పెండయిన స్నేహితుడున్న నాన్న, భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఏడేళ్ల కొడుక్కి ఇరవై రెండు గుండె బొమ్మలు కత్తిరించి ఇస్తాడు. "ఇందులో మగపిల్లలు కూడా ఉన్నార్రా?" అని నాయనమ్మ సందేహం. "రూల్ ఈజ్ రూల్, నాయనమ్మా" అని చింటూ తీర్పు.

దానికి అటో ఇటో నూరో రోజు పండగ. బడి తెరిచి నూరు రోజులైందని పిల్లలంతా నూరేళ్ల ముసలివాళ్ల వేషాల్లో వెళ్లాలి. మిగతా పిల్లలు తెల్ల విగ్గులూ, ఉన్ని స్వెట్టర్లూ వేసుకొస్తారు. మన చింటూ పూజకని తెచ్చుకున్న నాన్న పట్టు పంచె కట్టి, నుదుట విభూతి పెట్టి, గొడుగు కర్రగా పట్టుకొని, అచ్చం తాతగారిలా నడిచి వెళ్లాడు. ఫస్టు ప్రైజు వాడికే. ఫొటో చూసి తాతగారు కాల్లో నిష్ఠూరమాడారు: "ఒరేయ్, నాకింకా అరవై ఎనిమిదేరా!"

నేననేదేమంటే, ఆ ఇంట్లో అమెరికా వచ్చింది చింటూ ఒక్కడే. నాన్న మేనేజరు తెలుగు, కారు పంచుకునే కొలీగు తెలుగు, మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా. ఆయన అమెరికాని కారు అద్దంలోంచి మాత్రమే చూస్తాడు. అమ్మకి ఉద్యోగానికి పర్మిట్ రాలేదు, ఇండియన్ స్టోరూ ఫ్రిస్కో ఆంజనేయస్వామి గుడీ ఆవిడ సరిహద్దులు. రోజుకి ఏడు గంటలు ఈ దేశంతో ముఖాముఖి తలపడేది వాడు. అందుకే ఇంట్లో అధికారం వాడిది. వాడు పెత్తనం చేస్తున్నాడని విసుక్కునే తల్లిదండ్రులు వాడు పడ్డ రెండు నెలల పాట్లు మర్చిపోతారు. అది నాకు నచ్చదు.

పొద్దున్నే బళ్లో గుండె మీద చెయ్యి పెట్టుకొని అమెరికా జెండాకి ఒక ప్రతిజ్ఞ, టెక్సస్ జెండాకి ఇంకోటి చెబుతాడు. ఆ తర్వాత ఒక నిమిషం మౌనం. ఆదివారం మనబడికి వెళ్లి అఆలు దిద్దుతాడు. నాన్న భయమంతా కాగితాల మీద. మనవాళ్లకి గ్రీన్ కార్డు వరుస దశాబ్దాల పొడుగు. ఈలోపు వాడికి 21 నిండితే హెచ్4 చెల్లదు. స్టూడెంట్ వీసానో మరోటో చూసుకోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. రూల్సన్నీ మనకి చెప్పే చింటూకి ఈ రూలు ఇంకా ఎవరూ చెప్పలేదు.

రెండేళ్లకి సెలవుల్లో హైదరాబాదు వస్తాడు. ఆటో ఎక్కగానే సీటు సందుల్లో చేతులు పెట్టి వెతుకుతాడు. "ఏం పోయింది బాబూ?" అంటాడు ఆటో ఆయన. "సీట్ బెల్ట్ అంకుల్." ఆటో ఆయన నవ్వు మూసాపేట దాటేదాకా ఆగలేదు. అలా అని వాడు మారిపోయాడని నిట్టూర్చకండి. పది రోజులు తిరక్కుండానే బాబాయి యాక్టివా ముందు నిలబడి అద్దం పట్టుకొని ఉంటాడు, రాంగ్ రూట్లోనే. తిరిగి డాలస్‌లో దిగ్గానే మళ్లీ అధికారి.

కాబట్టి ఈసారి మనవణ్ణి చూడ్డానికి వెళ్లే తాతయ్యలకీ అమ్మమ్మలకీ నా విన్నపం: కారెక్కగానే ఎవరూ చెప్పకముందే బెల్టు పెట్టుకోండి, వాడి బడి సంచీలో పల్లీ చిక్కీ పెట్టకండి, ఫిబ్రవరిదాకా ఉండేట్టయితే మంచి పంచె ఒకటి పట్టుకెళ్లండి.